కోరిక కోసం పెప్టైడ్ ఇంజెక్షన్: అది చేసే పని, మీ విషయంలో నా అభిప్రాయం

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. మీకు 36 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, భర్తతో చెప్పుకోదగ్గ మనస్పర్థలేవీ లేవు. ఏడాదిన్నరగా లైంగిక కోరిక అన్నదే కలగడం లేదని, అది మిమ్మల్ని లోపల్లోపల కుంగదీస్తోందని రాశారు. డాలస్‌లో ఉన్న మీ పిన్ని కూతురు అక్కడ స్త్రీలకు ఇందుకోసమే ఒక ఇంజెక్షన్ ఉందని చెప్పిందని, అదే మందు ‘పీటీ-141’ అనే పేరుతో ఆన్‌లైన్‌లో చిన్న సీసాల్లో దొరుకుతోందని, అది ఎలా పనిచేస్తుందో, ‘ఆడవాళ్ల వయాగ్రా’ అంటున్న మాట నిజమో కాదో, వాడవచ్చో లేదో చెప్పమని అడిగారు. చిట్టచివర, ఏదో గుర్తుకొచ్చి చేర్చినట్లుగా, ఆందోళన తగ్గడానికి రెండేళ్లుగా ఎస్సిటాలోప్రామ్ మాత్ర, ఆ తర్వాత కొన్నాళ్లకు మొదలైన గ్యాస్ మాత్ర రోజూ వేసుకుంటున్నానని కూడా రాశారు. హార్మోన్ సమస్యలు చూసే వైద్యురాలిగా ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి ఉత్తరాలూ, ఇలాంటి సంభాషణలూ ఎన్నో ఎదురయ్యాయి కాబట్టి చెబుతున్నాను: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం ఆ చివరిదే. దాని దగ్గరకు తప్పక వస్తాను. అయితే మీరు అడిగింది మందు పనితీరు గనుక ముందు దాన్ని వివరంగా చెప్పడం న్యాయం.

మొదట ఆ ‘ఆడవాళ్ల వయాగ్రా’ అన్న పేరును పక్కన పెడదాం. వయాగ్రాలో ఉండే సిల్డెనాఫిల్ రక్తనాళాల మీద పనిచేసే మందు. మనసులో కోరిక ఉండి అంగం సహకరించని పురుషుడికి అది రక్తప్రసరణను పెంచి తోడ్పడుతుందే తప్ప, లేని కోరికను పుట్టించదు. మీరు అడుగుతున్న బ్రెమెలనోటైడ్ పనిచేసే చోటు మెదడు. పీటీ-141 అన్నది దానికి ప్రయోగశాల రోజుల్లో పెట్టిన సంకేతనామం, వైలీసీ అన్నది అమెరికాలో అమ్మే బ్రాండు పేరు. అమెరికాలో మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ దీనికి 2019 జూన్ 21న ఆమోదం ఇచ్చింది. అదీ ఇంకా నెలసరి ఆగిపోని స్త్రీలకు మాత్రమే, ఒకప్పుడు మామూలుగా ఉన్న కోరిక తర్వాత తగ్గిపోయి, ఏ సందర్భంలోనూ కలగక, దానివల్ల మనస్తాపం పడుతున్న వారికి మాత్రమే. పురుషులకు గానీ, నెలసరి ఆగిపోయిన స్త్రీలకు గానీ, ఉన్న సామర్థ్యాన్ని ఇంకాస్త పెంచుకోవడానికి గానీ ఇది కాదని ఆమోదపత్రంలోనే స్పష్టంగా రాశారు.

పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాలనే పూసలను గుచ్చిన చిన్న దండ అనుకోండి. పూసలు వందలకొద్దీ ఉంటే దాన్ని ప్రోటీన్ అంటాం, కొద్దిగా ఉంటే పెప్టైడ్ అంటాం. ఇన్సులిన్ మనందరికీ తెలిసిన అలాంటి దండే. ఇన్సులిన్‌ను మాత్రగా కాక సూదితో ఎందుకు తీసుకుంటామో ఈ మందునూ అందుకే సూదితో తీసుకోవాలి: పప్పులోని మాంసకృత్తులను ముక్కలు చేసే ఎంజైములే కడుపులో దీన్నీ ముక్కలు చేసేస్తాయి. ‘పెప్టైడ్ థెరపీ’ అన్న మాట ఇప్పుడు ఏదో కొత్త మహిమలా ప్రచారమవుతోంది గానీ, పెప్టైడ్ అన్నది మందు ఆకృతిని చెప్పే మాటే; అది మంచిదో చెడ్డదో ఆ మాటలో లేదు.

ఇక ఈ మందు పుట్టుక నేరుగా చర్మపు రంగుతో ముడిపడి ఉంది. మన శరీరంలో ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ అనే 13 పూసల హార్మోన్ ఒకటి ఉంది. చర్మంలోని కణాల చేత మెలనిన్ అనే నల్లని వర్ణకాన్ని తయారు చేయించడం దాని పనుల్లో ఒకటి. 1980లలో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు, ఎండలో మాడకుండానే చర్మానికి రంగు తెప్పించే మందు కోసం ఈ హార్మోన్‌కు నకళ్లు తయారు చేశారు. (మనం తెల్లబడే క్రీముల కోసం డబ్బు తగలేస్తుంటే అక్కడివారు నల్లబడే మందు వెతుక్కున్నారన్నమాట.) వాటిలో మెలనోటాన్-2 అనేదాన్ని ఆ బృందంలోని మాక్ హాడ్లీ తన మీదే ప్రయోగించుకున్నప్పుడు వికారంతో పాటు దాదాపు 8 గంటలు తగ్గని అంగస్తంభన కలిగింది. ఆ అనుభవాన్ని ఆయన దాచుకోకుండా తర్వాత తానే పత్రికలో నమోదు చేశారు. రంగు కోసం తవ్వుతుంటే మెదడులోని కోరిక వ్యవస్థ బయటపడింది. మీరు అడిగిన బ్రెమెలనోటైడ్ ఆ మెలనోటాన్-2 నుంచే వచ్చింది.

నిజానికి ఆ ఆనవాలు అంతకు ముందే దొరికింది. 1950లలోనే ఇటలీకి చెందిన ఫెరారీ అనే శాస్త్రవేత్త ఈ కుటుంబానికి చెందిన హార్మోన్లను జంతువుల మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించినప్పుడు అవి పదే పదే ఆవలించడం, ఒళ్లు విరుచుకోవడం గమనించారు. మగ జంతువులకు అంగస్తంభన కలగడమూ ఆ పరిశోధనల్లోనే బయటపడింది. ఆవలింతకూ కోరికకూ సంబంధమేమిటని మీకు నవ్వు రావచ్చు. మెలనోటాన్-2 తీసుకున్న మనుషులు కూడా ఆవలించారు, ఒళ్లు విరుచుకున్నారు. మెదడు అడుగుభాగంలో ఈ పనులను నడిపే తీగలు పక్కపక్కనే సాగుతాయి కాబట్టి ఒకదాన్ని కదిలిస్తే మరొకటీ కదులుతుంది. ఈ మందు దుష్ఫలితాలు అర్థం కావాలంటే ఈ ఇరుగుపొరుగు సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఆ 13 పూసల దండలో, కణం మీద తాళంలా ఉండే గ్రాహకానికి అతుక్కుని అసలు పని చేసేవి మధ్యలోని నాలుగు పూసలే: హిస్టిడిన్, ఫినైల్అలనిన్, ఆర్జినిన్, ట్రిప్టోఫాన్. బ్రెమెలనోటైడ్‌లో ఆ నాలుగింటినీ ఉంచి, మొత్తం దండను ఏడు పూసలకు కుదించారు. రెండో పూసను ఏడో పూసతో కలిపి కడియంలా ముడివేశారు. ఫినైల్అలనిన్‌ను అద్దంలో ప్రతిబింబంలాంటి తిరగేసిన రూపంలో పెట్టారు. సహజమైన దండను నిమిషాల్లో కొరికి తినే ఎంజైములకు ఈ తిరగబడ్డ పూస, ఈ కడియం ముడి అంత తేలిగ్గా చిక్కవు. అందువల్ల మందు రక్తంలో నిలుస్తుంది: చర్మం కింద పొడిచిన గంటకు అటూఇటూగా గరిష్ఠ స్థాయికి చేరి, ఆ తర్వాత సుమారు 2.7 గంటలకోసారి సగానికి తగ్గుతూ పోతుంది.

ఈ హార్మోన్ కుటుంబానికి శరీరంలో ఐదు రకాల గ్రాహకాలు ఉన్నాయి. ఒకటోది చర్మంలో వర్ణకం తయారీ చూస్తుంది. రెండోది అడ్రినల్ గ్రంథిలో ఉంటుంది. మూడు, నాలుగు ప్రధానంగా మెదడులో ఉంటాయి. ఐదోది స్వేదం, నూనె వంటి స్రావాలను విడుదల చేసే గ్రంథుల్లో ఉంటుంది. మనకు ఇక్కడ ముఖ్యమైనది నాలుగోది, ఎంసీ4ఆర్. ఆకలి, రక్తపోటు, కోరిక మూడింటిలోనూ దానికి పాత్ర ఉంది. జన్యులోపం వల్ల వచ్చే కొన్ని రకాల తీవ్ర స్థూలకాయానికి 2020లో అమెరికాలో ఆమోదం పొందిన సెట్‌మెలనోటైడ్ కూడా ఇదే గ్రాహకం మీద పనిచేసే పెప్టైడే. ఆకలి తగ్గడం కోసం దాన్ని తీసుకున్న వారిలో చర్మం నల్లబడటం, పురుషుల్లో అకారణంగా అంగస్తంభన కలగడం దుష్ఫలితాల జాబితాలో ఉన్నాయి. ఒకే తాళపుచెవి మూడు నాలుగు గదులను తెరుస్తుందని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తోచదు.

మెదడులో జరిగేదాన్ని ఎలుకల మీద చేసిన ఒక పరిశోధన బాగా పట్టి చూపింది. పంజరం మధ్యలో ఒక అడ్డుగోడ పెట్టి, దానికి ఆడ ఎలుక మాత్రమే దూరగలిగినంత చిన్న రంధ్రాలు చేస్తారు. అంటే మగ ఎలుక దగ్గరకు వెళ్లాలా, వద్దా, ఎప్పుడు వెళ్లాలి అన్నది పూర్తిగా ఆడ ఎలుక ఇష్టం. ఈ మందు ఇచ్చినప్పుడు ఆడ ఎలుకలు తామంతట తాము ముందుకు వచ్చి, గెంతుతూ, మగదాన్ని పిలిచే చేష్టలు ఎక్కువయ్యాయి. కలయిక సమయంలో నడుము వంచి నిలబడే అసంకల్పిత భంగిమ మాత్రం పెరగలేదు. అంటే మందు శరీరపు యాంత్రిక చర్యను కాక, ‘వెళ్దాం’ అనే చొరవను పెంచింది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ ముందుభాగంలో, మీడియల్ ప్రీఆప్టిక్ ప్రాంతం అనే చోట డోపమైన్ విడుదల పెరగడం దీనికి కారణమని జంతు ప్రయోగాలు సూచిస్తున్నాయి. డోపమైన్‌ను ‘ఆనంద రసాయనం’ అని తేలిగ్గా రాసేస్తుంటారు. ఆనందం కంటే దాని కోసం అడుగు వేయించడం దాని అసలు పని అనుకోవడం మేలు.

స్త్రీల మెదడులోనూ ఇదే క్రమం జరుగుతుందని నేను గట్టిగా చెప్పను. ఆమోదపత్రమే మందు కోరికను ఏ విధంగా మెరుగుపరుస్తుందో తెలియదని ఒప్పుకుంది. అయితే లండన్ ఇంపీరియల్ కాలేజీలో, కోరిక తగ్గిన 31 మంది స్త్రీల మీద చేసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో ఎంసీ4ఆర్‌ను ప్రేరేపించే మందు ఇచ్చినప్పుడు, ఉత్తుత్తి మందుతో (పోలిక కోసం ఇచ్చే, అసలు మందు లేనిదానితో) పోలిస్తే, 24 గంటల వరకూ కోరిక పెరిగిందని ఆ స్త్రీలు చెప్పారు. మెదడు స్కానుల్లోనూ లైంగిక దృశ్యాలకు స్పందించే తీరులో తేడా కనిపించింది. ఏదో మీట నొక్కగానే దీపం వెలిగినట్లు కాక, మెదడులో కోరికను ముందుకు నెట్టే సంకేతాలూ వెనక్కి లాగే సంకేతాలూ నిరంతరం తూగుతూ ఉంటాయని, ఈ మందు ముందుకు నెట్టే వైపు కొంత బరువు చేరుస్తుందని ఇప్పటి అవగాహన. వెనక్కి లాగేది మరీ బరువైతే ఆ కాస్త బరువు చాలదు. ఈ ఒక్క మాటే మీ విషయంలో కీలకం.

వాడకం చూద్దాం. అసలు మందు 1.75 మిల్లీగ్రాముల మోతాదు ముందే నింపిన, ఒకసారి వాడి పారేసే పెన్ను రూపంలో వస్తుంది. కలయికకు కనీసం 45 నిమిషాల ముందు పొట్ట మీద గానీ తొడ మీద గానీ చర్మం కింద పొడుచుకోవాలి. 24 గంటల్లో ఒకటికి మించకూడదు, నెలకు 8కి మించకూడదు, 8 వారాల్లో గుణం కనిపించకపోతే ఆపేయాలి. ట్రయల్స్‌లో ఎక్కువమంది నెలకు రెండు మూడు సార్లే వాడారు. అందుకు కారణం ఊహించడం కష్టం కాదు: 100 మందిలో 40 మందికి వికారం వచ్చింది, 13 మందికి దాన్ని తగ్గించే మందు కూడా ఇవ్వాల్సి వచ్చింది. వికారం సాధారణంగా మొదటి మోతాదుతో ఎక్కువగా, సూది వేసుకున్న గంటలోపు మొదలై సుమారు రెండు గంటలు ఉంటుంది. ఇప్పుడు ఆ 45 నిమిషాల లెక్కను దీని పక్కన పెట్టి చూడండి. ఏ ఘడియ కోసమైతే సూది పొడుచుకున్నారో సరిగ్గా ఆ ఘడియకే కడుపులో తిప్పడం మొదలవుతుంది. ముఖం, ఒళ్లు వేడెక్కి ఎర్రబారడం 20 మందికి, తలనొప్పి 11 మందికి కలిగాయి. దుష్ఫలితాలు తాళలేక మధ్యలో మానేసినవారు మందు తీసుకున్న వారిలో 18 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్న వారిలో 2 శాతం.

రక్తపోటు సంగతి వేరే చెప్పాలి. ఈ మందును మొదట ముక్కులో కొట్టుకునే స్ప్రేగా తయారు చేశారు. దానివల్ల బీపీ పెరుగుతోందని 2007లో ఎఫ్‌డీఏ ప్రశ్నించడంతో ఆ రూపం ఆగిపోయింది, తర్వాతే చర్మం కింద వేసే తక్కువ మోతాదుకు మళ్లారు. ఇప్పటి సూదితోనూ పై బీపీ 6 పాయింట్లు, కింది బీపీ 3 పాయింట్ల వరకూ పెరిగి, మోతాదు తీసుకున్న 12 గంటల్లోపు మామూలు స్థితికి వస్తుంది. ఆరోగ్యవంతులకు అది పెద్ద విషయం కాదు. బీపీ అదుపులో లేనివారు, గుండెజబ్బు ఉన్నవారు మాత్రం దీన్ని ముట్టుకోకూడదు. ‘నాకు బీపీ లేదు’ అని చెప్పేవారిలో ఎప్పుడూ చూపించుకోనివారే ఎక్కువని నా గది బల్ల మీది బీపీ మిషన్ నాకు రోజూ గుర్తుచేస్తుంది. గర్భం దాల్చే అవకాశం ఉన్నవారు సరైన గర్భనిరోధకం పాటించాలి, గర్భమని తేలితే వెంటనే ఆపాలి. కడుపులోని ఆహారం కిందికి కదిలే వేగాన్ని కూడా ఈ మందు తగ్గిస్తుంది గనుక నోటి ద్వారా వేసుకునే కొన్ని మందులు సరిగా ఒంటికి పట్టవు. ముఖ్యంగా మద్యం మానడానికి నాల్ట్రెక్సోన్ మాత్రలు వాడేవారు దీనికి దూరంగా ఉండాలి.

ఇంతా భరిస్తే దక్కే ఫలం ఎంత? 24 వారాల పాటు సాగిన రెండు పెద్ద ట్రయల్స్‌లో, 1.2 నుంచి 6.0 వరకూ ఉండే కోరిక స్కోరులో కనీసం 1.2 పాయింట్లు పెరిగినవారు మందు తీసుకున్న వారిలో సుమారు 25 శాతం, ఉత్తుత్తి సూది తీసుకున్న వారిలో సుమారు 17 శాతం. మనస్తాపం స్కోరు కనీసం ఒక పాయింటు తగ్గినవారు 35 శాతం, 31 శాతం. నెలలో సంతృప్తికరమైన కలయికల సంఖ్య మాత్రం రెండు వర్గాల మధ్య తేడా లేకుండా ఉంది. 100 మంది స్త్రీలు వాడితే, ఉత్తుత్తి సూదితో ఎలాగూ మెరుగుపడేవారిని తీసేయగా, మందు వల్లనే బాగుపడేవారు 8 మంది అన్నమాట. గుడ్డి కన్నా మెల్ల నయమే. ఆ 8 మందిలో ఒకరైన స్త్రీకి ఆ తేడా చిన్నది కాదు, దాన్ని నేను తీసిపారేయను. పోతే, ఉత్తుత్తి సూదితోనే 17 మందికి మేలు కలిగిందన్న అంకె నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. నెలనెలా ఒకరు కూర్చోబెట్టి మీ కోరిక గురించి, మీ బాధ గురించి శ్రద్ధగా అడగడం, ఇంట్లో ఆ విషయం మాటల్లోకి రావడం కూడా వైద్యమేనేమో.

మనలాంటి చామనఛాయ, నలుపు చర్మం వాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది వర్ణకం సంగతి. కడియం ముడి వేసినా, పూస తిప్పినా, మందు తన పుట్టుకను మరచిపోలేదు. చర్మంలోని ఒకటో గ్రాహకాన్నీ అది తడుతుంది. నెలకు 8 మోతాదుల లోపు వాడినవారిలో 1 శాతానికి ముఖం మీద, చిగుళ్ల మీద, రొమ్ముల మీద నల్లని మచ్చలు వచ్చాయి. వారిలో దాదాపు సగం మందికి మందు ఆపినా అవి పోలేదు. వేరొక అధ్యయనంలో వరుసగా 8 రోజులు రోజూ ఇచ్చినప్పుడు 38 శాతం మందికి మచ్చలు వచ్చాయి, ముదురు రంగు చర్మం ఉన్నవారికి ఆ అవకాశం ఎక్కువని తేలింది. కాన్పు తర్వాత వచ్చిన మంగుతోనే ఏళ్లతరబడి బాధపడే స్త్రీలు మన దగ్గర ఎందరో ఉన్నారు. పండుగకు ఊరికి వచ్చిన ఒకావిడ, చెల్లెలి పెళ్లి ఫొటోల్లో తన పై పెదవి మీద మీసంలా కనిపిస్తున్న నల్లని చారను చూపిస్తూ, అది ఎలా పోతుందని అడిగారు. నోరు తెరవమంటే చిగుళ్లలోనూ అదే రంగు ఉంది. నెల రోజుల పాటు దాదాపు ప్రతిరోజూ ఆన్‌లైన్‌లో కొన్న సీసాలోని మందు పొడుచుకున్నానని అప్పుడు గానీ చెప్పలేదు.

ఆ సీసా ఇప్పటికీ నా సొరుగులో ఉంది. బొటనవేలంత గాజు సీసా, నీలం మూత, అడుగున అంటుకున్న చిటికెడు తెల్లని పొడి, పైన ‘పరిశోధన కోసం మాత్రమే, మనుషుల వాడకానికి కాదు’ అని ఇంగ్లిషులో చిన్న అక్షరాలు. తయారు చేసిన ఊరు లేదు, బ్యాచ్ నంబరు లేదు. లోపల ఉన్నది చెప్పిన పెప్టైడేనా, చెప్పినంత ఉందా, క్రిములు లేకుండా ఉందా అని చెప్పగల మనిషి ఎవరూ ఆ అమ్మకంలో లేరు. దీనికి మించిన ప్రమాదం ఒకటి మన దేశంలో ఉంది. ఇంటర్నెట్‌లో చెప్పే కొలతలన్నీ మిల్లీలీటరుకు 100 యూనిట్ల గీతలుండే సిరంజికి సంబంధించినవి. మన మందుల షాపుల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజి కూడా అంతే మామూలుగా దొరుకుతుంది. ఒకరు చెప్పిన ‘35వ గీత’ను మరో సిరంజి మీద చూసి నింపితే ఒంట్లోకి పోయేది రెండున్నర రెట్లు. ఆవిడ బ్యాగులోంచి తీసి చూపించిన సిరంజి ఎర్రమూతది, అంటే 40 యూనిట్లది. మూడు రోజులు వాంతులైతే బయటి తిండి పడలేదనుకున్నారట.

ఈ కోవలోనే మీరు మరో రెండు పేర్లు వినవచ్చు. ఒకటి కిస్‌పెప్టిన్: 1996లో అమెరికాలోని హెర్షీ పట్టణంలో కనుగొన్నారు, అక్కడ తయారయ్యే కిసెస్ చాక్లెట్ల మీద దానికి ఆ పేరు పెట్టారు. యుక్తవయసు రావడానికి మెదడులో తొలి సంకేతమిచ్చేది అదే. లండన్‌లో 32 మంది స్త్రీల మీద, 32 మంది పురుషుల మీద చేసిన చిన్న అధ్యయనాల్లో మెదడు స్పందనలు మారాయి గానీ, దాన్ని సెలైన్‌లా నరంలోకి గంటకు పైగా ఎక్కించాలి. ఇంట్లో వాడే మందు కాదది. రెండోది ఆక్సిటోసిన్ స్ప్రే: వియన్నాలో చేసిన ట్రయల్‌లో అసలు స్ప్రే కొట్టుకున్నవారూ, ఉత్తుత్తి స్ప్రే కొట్టుకున్నవారూ ఇద్దరూ మెరుగయ్యారు, తేడా తేలలేదు.

ఇప్పుడు మీ చివరి వాక్యం. కోరిక తగ్గిన స్త్రీ మా దగ్గరకు వచ్చినప్పుడు అడిగే ప్రామాణికమైన ఐదు ప్రశ్నలు ఉన్నాయి. ఇంతకు ముందు మీ కోరిక మీకు తృప్తికరంగా ఉండేదా? అది తగ్గిందా? తగ్గడం మిమ్మల్ని బాధిస్తోందా? పెరగాలని మీరు కోరుకుంటున్నారా? ఈ నాలుగింటికీ మీ ఉత్తరంలో ‘అవును’ అనే ఉంది. ‘ఆయన అడుగుతున్నారని కాదు, నాకే నాలోంచి ఏదో పోయినట్లుంది’ అని మీరు రాసిన మాట నాలుగో ప్రశ్నకు నేను విన్న మంచి జవాబుల్లో ఒకటి. ఐదో ప్రశ్న వేరు. జబ్బులు, ఆపరేషన్లు, కుంగుబాటు, వాడుతున్న మందులు, మద్యం, గర్భం, ఇటీవలి కాన్పు, కలయికలో నొప్పి, భర్తకున్న లైంగిక సమస్యలు, దాంపత్యంలో అసంతృప్తి, ఒత్తిడి, అలసట, వీటిలో ఏదైనా కారణమని తోస్తోందా అని అడుగుతుంది. దానికి ‘లేదు’ అని చెప్పగలిగిన వారి కోసమే ఈ ఇంజెక్షన్‌ను పరీక్షించారు, వారికే ఆమోదించారు. మీరు ‘లేదు’ అనలేరు.

ఎస్సిటాలోప్రామ్ మంచి మందు, మీ ఆందోళన తగ్గించి ఉంటుంది. కానీ మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచే ఈ జాతి మందులన్నీ చాలామందిలో కోరికను, తృప్తిని తగ్గిస్తాయి. నేను పైన చెప్పిన తూగులో సెరటోనిన్ వెనక్కి లాగే వైపు కూర్చుంటుంది, డోపమైన్ విడుదలను అణుస్తుంది. రెండేళ్ల క్రితం మాత్ర మొదలైంది, ఏడాదిన్నరగా కోరిక లేదు. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడమని అడుగుతున్నాను. ఆందోళన కూడా కోరికను చంపుతుంది కాబట్టి నేరమంతా మాత్రదే అని తీర్పు చెప్పను. మాత్ర వేసుకోక ముందు, ఆందోళన బాగా ఉన్న రోజుల్లో, కోరిక ఎలా ఉండేదో మీరు గుర్తు చేసుకుంటే తేల్చుకోవడం సులువవుతుంది.

గ్యాస్ మాత్రను ఎవరూ మందుగా లెక్కపెట్టరు, మీరూ పేరు రాయలేదు. మన దగ్గర గ్యాస్ క్యాప్సూళ్లలో చాలావాటిలో పాంటాప్రజోల్ లేదా రాబెప్రజోల్‌తో పాటు డోంపెరిడోన్ గానీ లెవోసల్పిరైడ్ గానీ కలిసి ఉంటుంది. ఈ రెండూ డోపమైన్‌కు అడ్డుపడే మందులు. పిట్యూటరీ గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను పెంచుతాయి. బిడ్డకు పాలిచ్చే రోజుల్లో పెరిగే హార్మోన్ అది. పెరిగితే నెలసరి తప్పుతుంది, పాలిచ్చే బిడ్డ లేకపోయినా రొమ్ముల నుంచి పాలు రావచ్చు, కోరిక అడుగంటుతుంది. ఎస్సిటాలోప్రామ్ మొదట్లో కొందరికి కడుపులో తిప్పినట్లు చేస్తుంది. దానికి గ్యాస్ మాత్ర రాయించుకుంటారు. ఆ మాత్ర ఏళ్లపాటు అలవాటుగా సాగిపోతుంది. మీ కథ ఇదే అయితే, ఒక చేత్తో డోపమైన్‌ను రెండు మాత్రలతో తొక్కిపెడుతూ మరో చేత్తో దాన్ని లేపడానికి సూది పొడుచుకోవాలని అనుకుంటున్నారు.

కాబట్టి ఇంజెక్షన్ వద్దు, ముఖ్యంగా ఆ సీసా వద్దు. ఎస్సిటాలోప్రామ్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపకండి. హఠాత్తుగా ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, తలలో కరెంటు షాక్ కొట్టినట్లు అనిపించడం, ఆందోళన తిరగబెట్టడం జరుగుతాయి. రాసిన మానసిక వైద్యుడి దగ్గరకే వెళ్లి, సిగ్గు పక్కన పెట్టి, ‘ఈ మాత్ర మొదలైన తర్వాత కోరిక పోయింది’ అని ఈ మాటల్లోనే చెప్పండి. మోతాదు తగ్గించడం, బుప్రోపియాన్ అనే మరో మందు చేర్చడం, కోరిక మీద తక్కువ ప్రభావం చూపే వేరే మందుకు నెమ్మదిగా మార్చడం వంటి దారులు ఆయన దగ్గర ఉన్నాయి. మీ ఆందోళన తీవ్రతను బట్టి ఏది తగినదో ఆయనే చెప్పగలరు. రక్తపరీక్షల్లో ప్రొలాక్టిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, హీమోగ్లోబిన్, చక్కెర చాలు. నెలసరి తప్పితే గర్భపరీక్ష కూడా. ప్రొలాక్టిన్ కోసం రక్తం ఉదయం, కాసేపు నిమ్మళంగా కూర్చున్న తర్వాత ఇవ్వండి, ఎందుకంటే కంగారుకు కూడా ఆ అంకె పెరుగుతుంది. ల్యాబుల వారు అమ్మే వేల రూపాయల ‘స్త్రీ హార్మోన్ ప్యాకేజీ’ మీకు అక్కర్లేదు. అందులోని టెస్టోస్టిరాన్ అంకెతో స్త్రీలో కోరిక తక్కువో ఎక్కువో నిర్ణయించడానికి వీల్లేదు.

రేపు పొద్దున గ్యాస్ మాత్ర వేసుకునే ముందు ఆ స్ట్రిప్‌ను వెనక్కి తిప్పి, వెండి రేకు మీద చిన్న అక్షరాల్లో ఉన్న రెండో మందు పేరు చదివి, నాకు రాయండి.